పసుపు కుంకుమల మాటున

ఆర్మూరు సీమలో పసుపు కొమ్ములను త్రవ్వి, ఉడికించి, ఎండబోసి అంగడికి చేర్చుదురు. ఆ పసుపు లేనిదే మన ఇండ్లలో పెండ్లి లేదు. ఆడపడుచునకు పుట్టింటివారు ఇచ్చు పొలమును సైతము మనము ‘పసుపు కుంకుమ’ అనియే పిలుచుచున్నాము. ఈ మంగళకరమైన మాట మాటున ఒక అమంగళ చరిత్ర కలదు.

స్త్రీహత్య అనగానే మనకు చీకటి దారియు, ముక్కు మొగము తెలియని దుండగుడును తోచుదురు. లెక్కలు మన ఇంటినే చూపుచున్నవి. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1948 నుండి 1952 వరకు జరిగిన 588 హత్యలను పరిశీలించి, మార్విన్ వుల్ఫ్‌గాంగ్ 1958లో గ్రంథమును ప్రకటించెను. హతులైన స్త్రీలలో నూటికి 41 మంది భర్తల చేతిలో మరణించిరి. పురుషులలో భార్యల చేత హతులైనవారు నూటికి 11 మంది మాత్రమే. 2023లో ప్రపంచమున హత్యకు గురియైన స్త్రీలు, బాలికలు సుమారు 85,000 మంది కాగా, వారిలో 51,100 మందిని చంపినది భర్తలు, సహచరులు, కుటుంబీకులే అని ఐక్యరాజ్యసమితి అంచనా.

మన దేశమున దీనికి కట్నము తోడైనది. ఆంధ్రప్రదేశమున 1958లోనే కట్న నిషేధ శాసనము వచ్చెను. 1961లో కేంద్ర శాసనము దాని స్థానమును పొందెను. అవి చేతులు మారిన ధనమును చూచినవే గాని, ఇంటిలోని మరణమును చూడలేదు. కోడలు పొయ్యి కడ కాలినచో ప్రమాదమనియు, బావిలో తేలినచో కాలు జారినదనియు చెప్పి సరిపుచ్చుట సులభముగా నుండెను.

1983లో భార్యను హింసించుట ప్రత్యేక నేరమయ్యెను. పెండ్లియైన ఏడేండ్లలోపు స్త్రీ అనుమానాస్పదముగా మరణించినచో శవపరీక్షకు పంపవలెనని నియమమేర్పడెను. 1986లో ‘వరకట్న మరణము’ శిక్షాస్మృతిలో చేరెను: ఆ ఏడేండ్లలో అసహజ మరణము, దానికి ముందు కట్నపు వేధింపు రుజువైనచో, తాము కారకులము కామని చూపు భారము భర్తపైనను అతని బంధువులపైనను పడును. 2024 జూలై 1 నుండి ఇది భారతీయ న్యాయ సంహితలో 80వ సెక్షను. అయినను 2022లో దేశమున ఇట్టి మరణములు 6,450 నమోదైనవి. వేధింపునకు తాళలేక చేసికొన్న ఆత్మహత్యలును ఇందులో చేరియున్నవి.

ఏడేండ్ల గడువు మనకొక సత్యమును తెలుపుచున్నది. ఈ మృత్యువు పిడుగువలె పడునది కాదు. మొదటి దెబ్బకును చివరి దెబ్బకును నడుమ ఎన్నియో దినములుండును. ఆ దినములలోనే బిడ్డ పుట్టింటికి వచ్చును. “సర్దుకొని పొమ్మ”ని మనము తిరిగి పంపుదుము.

కూతురికి ఉమ్మడి ఆస్తిలో కుమారునితో సమాన హక్కునిచ్చుచు ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుండి అమలులోనికి వచ్చెను. కట్న దురాచారమును తొలగించుట ఆ సవరణ చెప్పుకొన్న ఉద్దేశములలో ఒకటి. అప్పటికే పెండ్లియైనవారికి అది వర్తింపలేదు. 2005లో కేంద్ర సవరణ ఆ భేదమును తొలగించెను. కావున పసుపు కుంకుమ క్రింద ఇచ్చెదమన్న పొలము మాటగా మిగులక, పట్టాదారు పాసు పుస్తకములో బిడ్డ పేర నెక్కవలెను. తిరిగి వచ్చిన బిడ్డకు పుట్టింటి తలుపు తెరచియుండవలెను. చట్టము మరణానంతరము అడుగు ప్రశ్నలను, ఆమె బ్రతికియుండగనే మనము అడుగవలెను.