అరచేతిలో సరస్వతి

“ఆ రోజుల్లో బడిలో నీతి నేర్పేవారు, ఇప్పుడెక్కడ?” అని మా ధర్మవరంలో ఎవరైనా అంటే, ఏ రోజుల్లో అని అడగాలనిపిస్తుంది నాకు. నేతవీధుల్లో ప్రాథమిక పాఠశాల పంతులమ్మగా పనిచేసి రిటైరయ్యాను. మా ప్రాంతం బడులు రెండు వందల ఏళ్ళ కిందట ఎలా నడిచేవో చెప్పే కాగితం ఒకటుంది. మా టీచర్లందరూ దాన్ని చదవాలని నా కోరిక.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, మీ జిల్లాల్లో బడులెన్ని, చదివేవాళ్ళెందరు, ఏం చదువుతున్నారు అని కలెక్టర్లందరినీ అడిగాడు. మన్రో మా సీమకు కొత్తవాడు కాదు. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలనే అప్పటి మా సీమకు ప్రధాన కలెక్టరుగా ఊరూరా తిరిగినవాడు. అప్పటికింకా అనంతపురం జిల్లా లేదు, అది 1882లో ఏర్పడింది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అన్నీ బళ్ళారి జిల్లా కిందే ఉండేవి. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823 ఆగస్టు 17న జవాబు రాశాడు. నేను చెప్పిన కాగితం అదే. తెలుగు నేర్చి, తెలుగు వ్యాకరణమూ నిఘంటువూ తయారుచేసినవాడు కాబట్టి అతను తలుపు దగ్గరే నిలబడి చూసి రాయలేదు. పిల్లలు వల్లించే పద్యాల గురించి కూడా రాశాడు.

జిల్లా మొత్తంలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. హిందూపురం సంతలో ఇవాళ్టికీ రెండు భాషలూ వినిపిస్తాయి కాబట్టి ఆ లెక్క నాకు వింతగా తోచలేదు. నన్ను ఆపేసింది మరో అంకె. ఆ పిల్లల్లో ఆడపిల్లలు 60 మంది. జిల్లా జనాభా తొమ్మిది లక్షలు దాటినప్పుడు అరవై మంది! “ఆ రోజుల్లో” అనేవాళ్ళు ఆ రోజుల్లో నాలాంటిదానికి బడిలో చోటు లేనట్టేనన్న సంగతి ముందు చెప్పాలి.

బడి తెల్లవారుజామునే మొదలయ్యేది. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో అయ్యవారు సరస్వతి పేరు రాసేవాడు. రెండోవాడి చేతిలో సున్న, అంటే వాడికి మెప్పూ లేదు తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా వెనకబడే కొద్దీ దెబ్బలు పెరుగుతూ పోయేవి. వేళకు రావడమనే గుణాన్ని నేర్పడానికి ఇంత కచ్చితమైన పద్ధతి నేనెక్కడా చూడలేదు. దాన్ని మెచ్చుకోలేను కూడా. ఇల్లు దూరమైనవాడు, పొద్దున్నే గొడ్లను తోలి రావలసినవాడు రోజూ చివరే వస్తాడు. వాడు తిన్న దెబ్బలు సోమరితనానికి కాదు, పేదతనానికి. మా వీధిలో కొత్త పడుగు పోగులు అతికే రోజున పిల్లలు ఇంట్లో కూర్చుని కండెలు చుట్టాల్సి వచ్చేది. మర్నాడు ఆలస్యంగా వచ్చిన అలాంటి పిల్లను చూస్తే ఆ చివరివాడే గుర్తొచ్చేవాడు.

పెద్ద తప్పులకు కోదండం. రెండు చేతులూ తాడుతో కట్టి కప్పుకు వేలాడదీయడం. గుంజీళ్ళు సరేసరి. క్యాంబెల్ ఈ శిక్షలు కఠినమని రాశాడు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పిల్లలను కొట్టడాన్నీ మనసు నొప్పించడాన్నీ నిషేధించింది. భయంతో తెచ్చిన వినయం బడి గడప దాటగానే పోతుందని నా అనుభవం. కాబట్టి ఆ చట్టాన్ని నేను రెండు చేతులా సమర్థిస్తాను.

మరి ఆ బడుల్లో నిలబెట్టుకోదగినది ఏమీ లేదా అంటే, ఒకటుంది. పెద్ద తరగతి పిల్లలు చిన్నవాళ్ళ చేయి పట్టి ఇసుకలో అక్షరాలు దిద్దించేవాళ్ళు. ఒక్క అయ్యవారే అన్ని వయసుల పిల్లలనూ చూసుకోవాలి కాబట్టి అది అవసరం కొద్దీ పుట్టిన పద్ధతి. తక్కువ ఖర్చుతో రాత నేర్పడమూ, ముందున్నవాడు వెనకవాడికి నేర్పుతూ తన చదువును గట్టిచేసుకోవడమూ గొప్ప సంగతి అని, ఇంగ్లండు దీన్ని అనుకరించడం సబబేనని క్యాంబెల్ ఒప్పుకున్నాడు. నిజంగానే అనుకరించింది. మద్రాసు అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్, ఇక్కడి బడి పిల్లలు ఇసుకలో రాయడం చూసి, ఆ పద్ధతిని తన ఆశ్రమంలో పెట్టి, 1797లో లండన్‌లో పుస్తకం వేశాడు. అక్కడ దాన్ని ‘మద్రాసు పద్ధతి’ అన్నారు. బెల్ చూసింది ఖర్చు, క్రమం. పంతులమ్మగా నేను చూసేది ఇంకొకటి. ఎనిమిదేళ్ళ పిల్ల అయిదేళ్ళ పిల్ల వేలు పట్టుకుని ‘అ’ దిద్దించేటప్పుడు ఓర్పు అనే మాట ఎవరూ పలకక్కర్లేదు. విసుక్కుంటే చిన్నది ఏడుస్తుంది, ఏడిస్తే అక్షరం రాదు. ఆ లెక్క పెద్దదానికి తనంతట తానే తెలిసిపోతుంది.

నీతి పాఠంగా బడిలో చెప్పింది మాత్రం చాలావరకు కంఠతా పట్టడమే. ఇక్కడ క్యాంబెల్ నొచ్చుకుంటూ రాశాడు. పిల్లలు లెక్కలేనన్ని పద్యాలు వల్లిస్తారు, అర్థం మాత్రం చిలకకు తెలిసినంతే తెలుస్తుందని. ఇంట్లో మాట్లాడే భాష వేరు, పద్యాల భాష వేరు కావడమే దానికి కారణమన్నాడు. ఆ మాటకు మా అవ్వ జవాబు చెప్పగలిగేది. ఆమె బడి మొహం చూడలేదు. పట్టు నూలు చుడుతూ వేమన పద్యాలు చెప్పేది. ఒక్కో పద్యం తర్వాత వీధిలో ఎవరికది సరిపోతుందో కూడా చెప్పేది. వేమన భాష ఆమె నోటి భాషే. ఆయన సమాధి ఉన్న కటారుపల్లె కదిరి దగ్గరే, మాకు ఎంతో దూరం కాదు. సి.పి. బ్రౌన్ ఆ పద్యాలను 1829లో అచ్చువేశాడు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ 1928లో వేమన మీద పేరుపడ్డ ఉపన్యాసాలిచ్చింది మా అనంతపురంలోనే. ఎక్కడో దూరాన పుట్టిన నీతికన్నా పొరుగూరివాడి నీతి పిల్లలకు త్వరగా అంటుతుంది.

అచ్చు పుస్తకాలు కూడా ఆ కాలంలోనే వచ్చాయి. పుదూరి సీతారామశాస్త్రి బాలశిక్ష 1832 నాటిది. అది పెరిగి పెద్ద బాలశిక్ష అయి, అక్షరాల పక్కనే నీతి వాక్యాలను ఇంటింటికీ చేర్చింది. దాని మేలు కాదనను. అయితే పుస్తకం కొనగలిగిన ఇంటికే అది చేరింది. క్యాంబెల్ నివేదికలో నా మనసు కలచివేసిన భాగం కూడా పేదతనం గురించే. దేశం పేదదవుతోందని, మన నూలుబట్టల స్థానంలో ఐరోపా బట్టలు దిగడంతో నేతపని చేసేవాళ్ళు చితికిపోయారని, ఒకప్పుడు బడి ఉన్న ఊళ్ళు చాలావాటిలో ఇప్పుడు లేదని ఒక ఈస్టిండియా కంపెనీ కలెక్టరే రాశాడు. బడి మూతపడ్డాక సత్యం, శాంతం అని ఎవరికి చెబుతాం? పిల్లల గుణం గురించి మాట్లాడేవాళ్ళు మగ్గం కూలి గురించి కూడా మాట్లాడాలని నేనందుకే అంటాను.

చిలకలా కాక అర్థం తెలిసి పలికిన పసివాడు మాత్రం ఎంత దూరం పోతాడో పెనుకొండ చూపించింది. 1565 యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధానిగా మారిన ఊరది. అక్కడ చదువుకున్న పుట్టపర్తి నారాయణాచార్యులు పసితనం దాటీ దాటని వయసులోనే, పాడుపడిన ఆ కోటను చూసి ‘పెనుగొండ లక్ష్మి’ కావ్యం రాశారు. కృతజ్ఞత, పోయినదాని మీద గౌరవం — ఇవి ఆయనకు రాళ్ళ మధ్య తిరుగుతూ అబ్బాయి.

మన కాలానికి వస్తే, 1969లో పుట్టపర్తి సత్యసాయి సంస్థల తరఫున పిల్లలకు విలువలు నేర్పే బాలవికాస్ మొదలైంది. అప్పుడు దాని పేరు బాలవిహార్. సత్యం, ధర్మం, శాంతి, ప్రేమ, అహింస అనే అయిదింటి చుట్టూ పాఠాలు అల్లారు. మౌనంగా కూర్చోవడం, ప్రార్థన, కలిసి పాడడం, కథ చెప్పడం, కలిసి పనిచేయడం అందులోని పద్ధతులు. నా ఓటు చివరి రెండింటికి. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ ఉండరాదు. కథకూ కలిసి చేసే పనికీ ఆ అడ్డు లేదు. ఏ ఇంటి పిల్లయినా వాటిలో కూర్చోవచ్చు. మా తరగతిలో అన్ని మతాల పిల్లలూ ఉండేవాళ్ళు.

2022 ఏప్రిల్ నుంచి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ప్రవచనకర్త చాగంటి కోటేశ్వరరావును విద్యార్థుల నైతిక విలువల సలహాదారుగా నియమించింది. విలువల మీద మళ్ళీ మాట్లాడుతున్నందుకు నాకు సంతోషమే. జిల్లా అధికారులను నేను కోరేది ఒక్కటే. నీతి పద్యాల పీరియడు ఉంచండి, దాని పక్కనే రోజుకు అరగంట, అయిదో తరగతి పిల్లలకు ఒకటో తరగతి పిల్లలను అప్పగించండి. పలకా బలపం చాలు. ఆ అరగంట టీచరు గది మధ్యలో కూర్చుని చూడాలి. ఎవరు విసుక్కున్నారో, ఎవరు మళ్ళీ మొదటినుంచి చెప్పారో రాసుకోవాలి. పరీక్షకు మాత్రం దాన్ని పెట్టొద్దు.