కృష్ణా డెల్టాలో కృత్రిమ శ్వాస

విజయవాడ–ఏలూరు జాతీయ రహదారిని నూజివీడు, గుడివాడ దారులు కలుసుకునే కూడలి హనుమాన్ జంక్షన్. చుట్టుపక్కల పల్లెల్లో ఊపిరి అందక ప్రాణం మీదికి వచ్చినవారిని పెద్దాసుపత్రికి చేర్చడానికి ఈ కూడలి మీదుగా విజయవాడకో ఏలూరుకో తరలించడం పరిపాటి. కనుక ఈ ప్రాంతంలో కృత్రిమ శ్వాస చరిత్ర, అంటే తానుగా గాలి పీల్చలేని రోగి ఊపిరితిత్తుల్లోకి బయటి నుంచి గాలి పంపే వైద్యపు చరిత్ర, చాలావరకు దారి చరిత్రే.

ఈ వైద్యం నేటి రూపానికి రావడానికి 1952లో కోపెన్‌హాగెన్‌లో ప్రబలిన పోలియో కారణం. అంతకుముందు రోగిని మెడ వరకు ఇనుప పెట్టెలో ఉంచి, పెట్టెలోని గాలి ఒత్తిడిని తగ్గించి ఛాతీని ఉబ్బించేవారు. ఆ పెట్టెలు చాలనప్పుడు మత్తువైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ గొంతుకు రంధ్రం చేసి, గొట్టం అమర్చి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ గాలి పంపించాడు. సుమారు 1500 మంది విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్లు ఆ సంచులు నొక్కారు. నొక్కి వదిలితే తనంతట తానే ఉబ్బే అంబు బ్యాగ్ 1956లో వచ్చి, ఆ చేతిపనిని ఆసుపత్రి గడప దాటించింది.

డెల్టాలో ఆ సంచి అవసరం ఎక్కువగా పొలంతో ముడిపడినది. కట్లపాము సాధారణంగా రాత్రివేళ నేలమీద పడుకున్నవారిని కరుస్తుంది; నొప్పి, వాపు అంతగా ఉండవు, కాని దాని నాడీవిషం కొన్ని గంటల్లో కనురెప్పలను వాల్చి, మింగుడు పడనీయక, చివరకు ఊపిరి తీసే కండరాలను చచ్చుబరుస్తుంది. అంతదాకా వచ్చాక విరుగుడు మందు ఒక్కటే చాలదు. వెంటిలేటర్ మీద రోజుల తరబడి ఉంచగలిగితే మాత్రం రోగి పూర్తిగా కోలుకోగలడు. ఆర్గానోఫాస్ఫేట్ జాతి పురుగుమందు ఒంట్లోకి చేరినవారిలోనూ, అట్రోపిన్‌తో గండం గడిచిందనుకున్న ఒకటి రెండు రోజులకు మెడ, ఛాతీ కండరాలు సడలి శ్వాస ఆగిపోవచ్చు. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు పెరిగినప్పుడు మోపిదేవిలో సర్పశాంతి యాగం జరిపించారు. బెదిరిన జనానికి అది ధైర్యం ఇచ్చి ఉండవచ్చు. ఊపిరి ఆగుతున్నవారికి మాత్రం కావలసింది గొట్టం, సంచి, దాన్ని నొక్కడం తెలిసిన చేయి.

ఆ చేతిని పల్లె దాకా తెచ్చే ప్రయత్నం 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్స్ సేవతో బలపడింది. 2020 జులై 1న విజయవాడ బెంజి సర్కిల్ నుంచి బయలుదేరిన 1,088 కొత్త 108, 104 వాహనాల్లో కొన్నింటిలో వెంటిలేటర్లు కూడా ఉన్నాయి. అయితే బండి ఎంత త్వరగా వచ్చినా పిలుపు ఆలస్యమైతే ఫలితం ఉండదు. కనుక పాము కరిచిందన్న అనుమానం వస్తే చాలు, నొప్పి లేదని తెల్లవారేదాకా ఆగక వెంటనే 108కు ఫోను చేయాలి.