నెదర్లాండ్స్: ఒక్క మార్కు బిట్టు వెనుక ఉన్న చరిత్ర



మొన్న ఆదివారం నాచారంలో మా రూమ్‌ల గ్రూప్స్‌కి చదువుకుంటుంటే తమ్ముడొకడు అడిగిండు: "అన్నా, డచ్చివాళ్ళు మచిలీపట్నం ఎప్పుడొచ్చిండ్రు?" టక్కున 1605 అని చెప్పేసిన. "అసలు వాళ్ళు ఎవరన్నా? ఏ దేశం?" అని మళ్ళీ అడిగేసరికి రెండు ముక్కలు కూడా సరిగ్గా చెప్పలేకపోయిన. అందుకే చదివి ఈ పోస్టు రాస్తున్నా. కొంచెం పొడుగుంటది, ఓపిగ్గా చదవండి.

డచ్చివాళ్ళ దేశం నెదర్లాండ్స్. మనం హాలెండ్ అని కూడా అంటం. విస్తీర్ణంలో మన తెలంగాణలో సగం కూడా ఉండదు. జనాభా సుమారు 1.8 కోట్లు. నెదర్లాండ్స్ అంటేనే పల్లపు నేలలు అని అర్థం. దేశంలో దాదాపు నాలుగో వంతు భూమి సముద్రమట్టం కన్నా కిందనే ఉంటది. వాళ్ళు కట్టలు పోసి, గాలిమరలతో నీళ్ళు తోడి, ఊరంతా కలిసి ఆ కట్టలను కాపాడుకుంటూ బతికిండ్రు.

అప్పట్లో ఆ నేలను ఏలింది స్పెయిన్ రాజు. పన్నులు, మతం పేరుతో శిక్షలు భరించలేక 1568లో తిరగబడ్డరు. ప్రజలను కాపాడాల్సిన రాజే వాళ్ళను అణిచేస్తే అతను రాజే కాదని 1581లో ప్రకటించిండ్రు. యుద్ధం 80 ఏళ్ళు నడిచి 1648లో ముగిసింది. ఇంత చిన్న దేశం అంత పెద్ద సామ్రాజ్యాన్ని ఎదిరించి నిలబడ్డది. ఇక్కడిదాకా చదివితే మనకు కూడా వాళ్ళ మీద గౌరవం కలుగుతది.

కానీ అదే యుద్ధం నడుస్తుండగా, 1602లో, వాళ్ళు డచ్ ఈస్టిండియా కంపెనీ పెట్టిండ్రు. పేరుకు వ్యాపార కంపెనీ. కోటలు కట్టే, సైన్యం పెట్టుకునే, యుద్ధం చేసే హక్కులు కూడా దానికి ఇచ్చిండ్రు. 1606లో గోల్కొండ సుల్తాన్ దగ్గర వ్యాపారానికి అనుమతి తీసుకున్నరు. అప్పుడు సుల్తాన్ మన హైదరాబాద్ కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షానే.

వాళ్ళకు ఇక్కడ ఏం కావాలి? బట్ట. ఇప్పటి ఇండోనేషియా దీవుల్లో మసాలాలు కొనాలంటే అక్కడి జనం వెండి కన్నా మన తీరం బట్టనే ఎక్కువ ఇష్టపడేవాళ్ళు. మచిలీపట్నం, పాలకొల్లు చుట్టుపక్కల నేతగాళ్ళు నేసిన బట్ట ఓడలెక్కి పోయేది. కరువు రోజుల్లో ఈ తీరం నుంచి వేలమంది మనుషులను కూడా బానిసలుగా కొని ఓడలెక్కించిండ్రు. ఆ ముచ్చట మన బిట్ల పుస్తకంలో ఉండదు.

ఇప్పుడు బందా దీవుల సంగతి. ఆ రోజుల్లో ప్రపంచం మొత్తంలో జాజికాయ పండేది ఆ చిన్న దీవుల్లోనే. పంటంతా మాకే అమ్మాలని కంపెనీ పట్టుబట్టింది, దీవుల జనం లొంగలేదు. 1621లో గవర్నర్ జనరల్ కూన్ సైన్యంతో దిగి 44 మంది పెద్దమనుషులను చంపించిండు. సుమారు 15 వేల జనాభాలో ఆ దీవుల్లో మిగిలింది వెయ్యి మంది దాకనే. మిగతావాళ్ళు చంపబడ్డరు, ఆకలితో పోయిండ్రు, బానిసలయిండ్రు, పారిపోయిండ్రు. వాళ్ళ భూములను తోటలుగా చేసి డచ్చివాళ్ళకు పంచిండ్రు, పని బానిసలతో చేయించిండ్రు.

1945 మేలో హిట్లర్ సైన్యం నుంచి నెదర్లాండ్స్‌కు విముక్తి దొరికింది. అదే ఏడు ఆగస్టు 17న ఇండోనేషియా స్వాతంత్ర్యం ప్రకటించుకుంటే, దాన్ని ఆపడానికి సైన్యం పంపింది కూడా అదే నెదర్లాండ్స్. 1949 డిసెంబరు దాకా ఒప్పుకోలేదు. బానిస వ్యాపారానికి ప్రధాని 2022లో, రాజు 2023లో క్షమాపణ చెప్పిండ్రు.

స్వేచ్ఛ విలువ తెలిసినవాళ్ళే పక్కోడి స్వేచ్ఛ తీసుకున్నరు. అడవి, భూమి పోగొట్టుకున్న ఇండ్ల నుంచి వచ్చినం కాబట్టి ఈ మాట మనకు తొందరగా అర్థమైతది.

ఒక్క సంగతి మాత్రం నన్ను నిద్రపోనియ్యలేదు. బందా నుంచి పారిపోయిన కొంతమంది కై దీవులకు చేరి రెండు ఊర్లు కట్టుకున్నరు. నాలుగు వందల ఏళ్ళయింది, అయినా వాళ్ళ పాత భాష ఆ ఊర్లల్లో ఇంకా బతికే ఉంది. భూమి పోయినా భాష పోనియ్యలేదు. మనమేమో ఊరు వదిలి నాలుగేండ్లు కాకముందే, ఉప్పల్ బస్టాండ్‌లో అమ్మ ఫోన్ చేస్తే గోండిలనో, కోయలనో, లంబాడీలనో మాట్లాడడానికి అటూ ఇటూ చూస్తున్నం.

ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు గట్టిగానే మాట్లాడండి.