పల్లేడియాన్ని పట్టి ఉంచే పొడి

బీపీకి వేసుకునే లోసార్టాన్ అణువులో రెండు బెంజీన్ వలయాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. 1990ల్లో మెర్క్ కంపెనీ రసాయనవేత్తలు ఆ అతుకును కార్బన్–కార్బన్ బంధం కట్టే సుజుకి చర్యతో వేశారు. అతికించేది పల్లేడియం. పనయ్యాక దాన్ని బయటికి తీయడమే చిక్కు. ద్రావణంలో కరిగిపోయిన లోహం మందు వెంటే వచ్చేస్తుంది. నోటి ద్వారా రోజుకు 100 మైక్రోగ్రాములు మించి ఒంట్లోకి పోకూడదని అంతర్జాతీయ నియమం. పల్లేడియం ధర చూస్తే ఒక దశలో బంగారాన్నే దాటింది. తెనాలి, బాపట్ల, రేపల్లె కాలేజీల్లో కెమిస్ట్రీ చదివి హైదరాబాద్ మందుల కంపెనీల్లో చేరిన మన పిల్లలకు ఈ తిప్పలు కొత్తేమీ కాదు.

లోహాన్ని దేనికైనా కట్టేస్తే? 1963లో అమెరికాలో మెరిఫీల్డ్ పాలీస్టైరీన్ పూసల మీద పెప్టైడ్లు కట్టి, వడపోతతోనే శుద్ధి చేసి దారి చూపాడు. 1990ల చివర జపాన్‌లో ఉవోజుమి అలాంటి పూసలకు నీటితో కలిసే పాలీఇథిలీన్ గ్లైకాల్ గొలుసులు చేర్చి, పల్లేడియం చర్యల్ని నీళ్లలోనే నడిపించాడు.

హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ (ఐఐసీటీ)లో బోయపాటి మనోరంజన్ చౌదరి, మన్నెపల్లి లక్ష్మీకాంతం ఈ పనిని గట్టిగా పట్టుకున్నారు. 2001లో వారి బృందం విషపూరితమైన ఆస్మియాన్ని అయాన్ మార్పిడి పదార్థాల మీద నిలిపి, తిరిగి వాడి చూపింది. 2007లో లక్ష్మీకాంతం బృందం పల్లేడియాన్ని నిలపడానికి పాలీయనిలిన్ అనే పాలిమర్‌ను చేపట్టింది. ఆ ఎంపిక నాకు ఎంతో నచ్చుతుంది. ఆమ్లం కలిపిన నీళ్లలో అనిలిన్ వేసి, అమ్మోనియం పర్‌సల్ఫేట్ చుక్కచుక్కగా పోస్తుంటే రంగు నీలానికి తిరిగి, ముదురాకుపచ్చకు మారి, పొడి అడుక్కి దిగుతుంది. ఆ గొలుసు పొడుగునా నైట్రోజన్లే. పల్లేడియాన్ని పట్టేవి అవే, వేరే పట్టు అంటించే పని లేదు. ఆ పొడితో బ్రోమో సమ్మేళనాలే కాదు, చవగ్గా దొరికినా ఒక పట్టాన లొంగని క్లోరో సమ్మేళనాలూ నీళ్లలో సుజుకి చర్యకు దిగాయి.

లోహం నిజంగా పొడిలోనే ఉందా? ఈ రంగంలో అందరూ చేసే పరీక్ష ఒకటుంది. చర్య సగంలో ఉండగా వేడివేడిగానే వడకట్టి, దిగిన ద్రవాన్ని మళ్లీ కాస్తారు. చర్య ఇంకా సాగితే లోహం జారినట్టే. ఆగినా అనుమానం పూర్తిగా తీరదు; కాసేపు కరిగి పనిచేసి, తిరిగి పొడిని చేరే పల్లేడియం కూడా ఉంటుంది. అందుకే ఎన్నిసార్లు వాడామన్న లెక్క కంటే వడకట్టిన ద్రవంలో ఎంత లోహం తేలిందన్న కొలతనే నేను ముందు చూస్తాను.

నీళ్ల సంగతీ అంతే. చర్య నీళ్లలో చేసి, సరుకు తీయడానికి బకెట్ల కొద్దీ ఇథైల్ అసిటేట్ పోస్తే మిగిలిందేమిటి? చర్య తర్వాత మిగిలే మురుగునీటిని శుద్ధి చేయకుండా వదిలితే ఏమవుతుందో పటాన్‌చెరు పక్క నక్కవాగు ఒడ్డు రైతులకు తెలుసు.

లక్ష్మీకాంతం బృందం ఆ తర్వాత అదే పాలీయనిలిన్ మీద పల్లేడియానికి బదులు చవకైన రాగిని నిలిపి, కార్బన్–నైట్రోజన్ బంధాలు కట్టారు. 2013లో లక్ష్మీకాంతం ఐఐసీటీకి తొలి మహిళా డైరెక్టర్ అయ్యారు.