బడిలోనే పాఠం నేర్చిన పంతుళ్ళు

ముందు శిక్షణ, ఆ తరువాత ఉద్యోగం: ఉపాధ్యాయ వృత్తికి ఇదే సహజమైన క్రమమని నేడు అందరూ భావిస్తారు. కాని భారతదేశంలో ప్రాథమిక విద్య విస్తరించిన తీరును పరిశీలిస్తే, అనేక సందర్భాలలో ఈ క్రమం తారుమారు కావడం కనిపిస్తుంది. బడులు ముందు వెలిశాయి. వాటికి పంతుళ్ళు ముందు దొరికారు. శిక్షణ తరువాత వచ్చింది. లక్షలాదిమంది పగలు పిల్లలకు పాఠం చెబుతూ, మిగిలిన వేళల్లో తాము పాఠం నేర్చుకుంటూ అర్హత గల ఉపాధ్యాయులైనారు. ఈ మార్గాన్ని విధిలేక అంగీకరించిన రాజీగా చూడడం పరిపాటి. అయితే తగిన ఏర్పాట్లు ఉన్నచోట ఇది సమర్థులైన ఉపాధ్యాయులను తయారుచేయగలదని, అవి లోపించినచోట పంతులుకూ పిల్లలకూ కూడా నష్టమేనని చరిత్ర చెబుతున్నది.

వీధిబడి నుండి ఇంగ్లండుకు

దక్షిణ భారతంలోని వీధిబడులలో సాధారణంగా ఒకే అయ్యవారు ఉండేవారు. అన్ని వయసుల పిల్లలకూ ఆయన ఒక్కరే చెప్పడం సాధ్యం కాదు గనుక, చదువులో ముందున్నవారు వెనుకబడినవారికి అక్షరాలు దిద్దించేవారు. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో ఆదేశించిన విద్యా విచారణకు సమాధానంగా బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో నివేదిక సమర్పించాడు. ఆయన లెక్క ప్రకారం ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉన్నారు. ఆ బడులలో 226 తెలుగు బడులు. పెద్ద పిల్లలచేత చిన్నవారికి చెప్పించే పద్ధతి ప్రశంసనీయమని, ఇంగ్లండు దానిని అనుకరించడం సముచితమేనని కాంప్‌బెల్ వ్రాశాడు. 1816లోనే తెలుగు వ్యాకరణం ప్రచురించిన ఈ అధికారి, అదే నివేదికలో ఈ బడుల లోపాన్ని కూడా ఎత్తిచూపాడు. వల్లెవేయిస్తున్న కావ్యభాష పిల్లలకే కాదు, చాలామంది పంతుళ్ళకు సైతం అర్థం కావడం లేదన్నది ఆయన విమర్శ. చెప్పేవానికి చెప్పడం అలవాటైంది గాని, చెప్పేవానికి నేర్పే ఏర్పాటు లేకపోయింది.

ఈ పద్ధతి ఇంగ్లండుకు చేరింది చెన్నపట్నం మీదుగానే. 1789లో ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమ పాఠశాల పర్యవేక్షణ చేపట్టిన ఆండ్రూ బెల్, స్థానిక పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం గమనించి, తన పాఠశాలలో ఆ విధానాన్ని ప్రవేశపెట్టదలచాడు. ఉపాధ్యాయులు సుముఖత చూపకపోవడంతో, ఆ బాధ్యతను విద్యార్థులకే అప్పగించాడు. 1797లో లండనులో ఆయన ప్రచురించిన చిన్న పుస్తకంతో అది ‘మద్రాసు పద్ధతి’గా ప్రసిద్ధి పొందింది. తక్కువ ఖర్చుతో ఎక్కువమందికి చదువు చెప్పవచ్చునన్న ఆశ దానికి వేగంగా వ్యాప్తిని కల్పించింది.

కాని పసివారు పసివారికి చెప్పే చదువు ఎంతవరకు సాగుతుంది? ఆ పరిమితిని గుర్తించిన జేమ్స్ కే షటిల్‌వర్త్ చొరవతో 1846లో ఇంగ్లండులో విద్యార్థి ఉపాధ్యాయ విధానం ఏర్పడింది. 13 ఏళ్ళు నిండిన బాలబాలికలు 5 సంవత్సరాల ఒప్పందంపై బడిలో పనిచేస్తూ భత్యం పొందేవారు. ప్రధానోపాధ్యాయుడు బడివేళ ముగిసిన తరువాత రోజుకు గంటన్నర సేపు వారికి ప్రత్యేకంగా పాఠం చెప్పేవాడు. అందుకు ఆయనకు వేరుగా పారితోషికం ఉండేది. ఏటేటా ఇన్‌స్పెక్టరు పరీక్షించేవాడు. కాలపరిమితి ముగిశాక ప్రతిభావంతులకు విద్యార్థి వేతనంతో శిక్షణ కళాశాలలో ప్రవేశం లభించేది. 1862లో కొత్త నిబంధనావళి ఈ ప్రత్యేక చెల్లింపులను రద్దుచేయడంతో ఆ విధానం బలహీనపడింది.

1854 నాటి మూడు షరతులు

మద్రాసు నుండి వెళ్ళిన ఆలోచన, ఇంగ్లండులో మెరుగులు దిద్దుకొని, చార్లెస్ వుడ్ పేరిట ప్రసిద్ధమైన 1854 నాటి విద్యా తాఖీదు ద్వారా తిరిగి భారతదేశానికి వచ్చింది. ఉపాధ్యాయుల తయారీకి ఆ తాఖీదు మూడు విషయాలు సూచించింది. మొదటిది, పనిచేస్తున్న బడిలోనే అభ్యర్థికి భత్యం, అతనికి నేర్పే పెద్ద పంతులుకు కొంత పారితోషికం. రెండవది, యోగ్యులను తరువాత నార్మల్ స్కూలుకు పంపడం. మూడవది, శిక్షణ ముగిశాక యోగ్యతాపత్రం, దానికి తగిన జీతం. పనిచేస్తూ ఉపాధ్యాయుడు కావాలంటే పక్కన అనుభవజ్ఞుడు ఉండాలి, చదువుకు వ్యవధి ఉండాలి, చివరకు గుర్తింపు ఉండాలి అన్నదే దీని సారాంశం.

ఆచరణలో నార్మల్ స్కూలే ప్రధానంగా వేరూనింది. 1856లో మద్రాసులో ప్రారంభమైన ప్రభుత్వ నార్మల్ స్కూలు, అనంతరకాలంలో సైదాపేట ఉపాధ్యాయ కళాశాలగా దక్షిణాదిన పేరుపొందింది. అయితే ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేసే గ్రామపంతులుకు అటువంటి సంస్థ దూరంగానే ఉండిపోయింది. అతడు శిక్షణకు వెళితే బడి మూతపడుతుంది. వెళ్ళకపోతే శిక్షణ లేనివాడుగా తక్కువ జీతంపైనే మిగిలిపోతాడు.

స్వాతంత్ర్యానంతర ప్రయత్నాలు

రాజ్యాంగంలోని 45వ అధికరణం 14 ఏళ్ళలోపు బాలలందరికీ ఉచిత నిర్బంధ విద్యను లక్ష్యంగా నిర్దేశించడంతో ఉపాధ్యాయుల అవసరం ఒక్కసారిగా పెరిగింది. 1964–66 నాటి కొఠారి కమిషన్ వృత్తిలో ఉన్నవారి శిక్షణకు ప్రాముఖ్యమిచ్చింది. మైసూరు, భోపాల్, అజ్మీర్, భువనేశ్వర్ ప్రాంతీయ విద్యా కళాశాలలు వేసవి తరగతులనూ కరస్పాండెన్స్ పాఠాలనూ జోడించి, పనిచేస్తున్న ఉపాధ్యాయులకు బి.ఎడ్. అవకాశం కల్పించాయి. 1986 జాతీయ విద్యావిధానం అనంతరం జిల్లా విద్యా శిక్షణ సంస్థలు ఏర్పడ్డాయి. 1980ల దశకంలో బ్రిటిష్ సహాయంతో సాగిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, ఇరుగుపొరుగు బడుల పంతుళ్ళు ఒకచోట చేరి తమ పాఠాలను చర్చించుకొనే ఉపాధ్యాయ కేంద్రాలను నెలకొల్పింది. అనుభవజ్ఞుడు పక్కనే ఉండాలన్న పాత సూత్రానికి ఇది కొత్త రూపం.

ఈ సూత్రాన్ని మరింత ముందుకు తీసుకువెళ్ళింది రాజస్థాన్. మారుమూల పల్లెలకు నియమితులైన ఉపాధ్యాయులు బడికి రాకపోవడం అక్కడి ప్రధాన సమస్య. అజ్మీర్ జిల్లా తిలోనియాలోని స్వచ్ఛంద సంస్థ అనుభవం ఆధారంగా, స్వీడన్ సహాయంతో 1987లో శిక్షాకర్మి పథకం మొదలైంది. అదే ఊరి యువకులను, 8వ తరగతి చదివినవారిని సైతం ఎంపికచేశారు. స్త్రీల విషయంలో 5వ తరగతి చాలునన్నారు. తొలుత సుమారు 5 వారాల శిక్షణ, ఆపైన ఏటేటా పునశ్చరణ, బడికే వచ్చి సాయపడే సహాయకులు ఈ పథకానికి ఆధారం. పగటిపూట రాలేని పిల్లలకు రాత్రిబడులు నడిచాయి. ఊరు విడిచిపోని పంతులు దొరికాడు. కాని 1854 తాఖీదు చెప్పిన మూడవ షరతు నెరవేరలేదు. శిక్షాకర్మి పొందింది గౌరవ భృతే గాని, క్రమబద్ధమైన ఉపాధ్యాయుని హోదా కాదు.

చట్టం, గడువు, యోగ్యతాపత్రం

2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, కనీస అర్హతలు లేని ఉపాధ్యాయులకు 5 సంవత్సరాల గడువునిచ్చింది. ఆ గడువు ముగిసినా లక్షలాదిమంది మిగిలిపోవడంతో, 2017లో చట్టాన్ని సవరించి 2019 మార్చి 31 వరకు పొడిగించారు. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ 18 నెలల డిప్లొమా కోర్సు ప్రారంభించగా, 10 లక్షలకు మించి ఉపాధ్యాయులు అందులో చేరారు. వీరిలో ప్రైవేటు పాఠశాలలవారే ఎక్కువ. టెలివిజన్, ఇంటర్నెట్ పాఠాలు వింటూ, సెలవురోజుల్లో తరగతులకు హాజరవుతూ, వారమంతా బడి నడిపారు.

ఇక్కడ సమస్య మరో రూపం ధరించింది. 2023 నవంబరు 28న సుప్రీంకోర్టు, కొత్త నియామకాలకు ఈ 18 నెలల డిప్లొమా 2 సంవత్సరాల డిప్లొమాతో సమానం కాదని తీర్పునిచ్చింది. 2024 డిసెంబరు 10న మరింత స్పష్టతనిస్తూ, 2017 ఆగస్టు 10 నాటికి సర్వీసులో ఉండి, 2019 ఏప్రిల్ 1కి ముందు కోర్సు పూర్తిచేసినవారి యోగ్యత చెల్లుతుందని ప్రకటించింది. ఈ రెండు తేదీల నడుమ ఒక ఏడాదికి పైగా అనేకమంది తమ చదువు విలువ ఎంతో తెలియని స్థితిలో గడిపారు.

శిక్షాకర్మికి తోడు దొరికింది, గుర్తింపు దొరకలేదు. సార్వత్రిక డిప్లొమా గుర్తింపునే లక్ష్యంగా పెట్టుకొన్నది. తెరపై కనిపించే పాఠం, పక్కన కూర్చొని తప్పు దిద్దే పెద్ద పంతులుకు బదులు కాలేదు. గ్రామపంతులుకు వ్యవధే లేకపోయింది. మూడు షరతులలో ఏది కొరవడినా ఆ భారం మొదట మోసేది తక్కువ జీతంపై పనిచేసే పంతులు. కడపట మోసేది అతని ఎదుట కూర్చున్న బాలుడు. కొత్త పథకాలు రూపొందించేవారు అభ్యర్థుల సంఖ్యతోపాటు వారికి బడిలో నేర్పేవారెవరు, ఆ నేర్పేవారికి దక్కేదేమిటి అన్న లెక్క కూడా చూడడం అవసరం. ఆ లెక్క 1854లోనే కాగితంపైకి ఎక్కింది.