కామందు దిబ్బ నుంచి అద్దె గది దాకా

పాలకొల్లు అనగానే క్షీరారామం తొమ్మిదంతస్తుల గాలిగోపురం గురించి చెబుతారు. డచ్చివాళ్లు వచ్చి వ్యాపారం చేశారని చెబుతారు. సినిమావాళ్లని కన్న ఊరని చెబుతారు. ఇదంతా చరిత్రే, కాదనను. కానీ ఈ ఊరి చుట్టూ చేలల్లో నడుం వంచినవాళ్లు రాత్రి ఎక్కడ పడుకున్నారు, ఎవరి నేల మీద పడుకున్నారు? ఆ సంగతి ఎవరూ చెప్పరు. అది మేమే రాసుకోవాలి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. కాలవలొచ్చాయి, వరి పండింది. కాటన్ దొర విగ్రహాలకి దండలేస్తారు, వెయ్యండి. ఆ నీళ్లతో నేల విలువ పెరిగింది. పెరిగింది నేలున్నవాడికే. లేనివాడికి పాక వేసుకునే జాగా కూడా కరువైంది. డెల్టాలో మెరక తక్కువ. ఉన్న మెరకంతా ఊరిది, కొబ్బరి తోటలది. మాకు మిగిలింది కాలవ గట్టు, పుంత, చేల మధ్య దిబ్బ.

మా తాత పాలేరు. ఆయన తాటాకు పాక కామందు దిబ్బ మీద ఉండేది. దానికి అద్దె లేదు. ‘ఊరికే ఉండనిచ్చాం’ అనేవారట. ఊరికే ఎలాగవుతుంది? తెల్లారకముందే తాత పశువుల దగ్గరికెళ్లడం, నాయనమ్మ పేడ ఎత్తడం, ఊడుపులప్పుడు ఇంకో రైతు చేలోకి దిగకపోవడం, ఇదంతా అద్దే. కూలి పెంచమని అడిగితే కామందు కూలి మాట ఎత్తడు. ‘పాక పీక్కుని పో’ అంటాడు. కాళ్ల కింద నేల తనది కానివాడు గొంతెత్తి మాట్లాడలేడు.

ఈ కిటుకు ఇంగ్లీషు ప్రభుత్వానికీ తెలుసు. మన జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉన్న ఆ రోజుల్లో, 1920లో, లేబర్ కమీషనర్ని పెట్టి అణగారిన కులాలకి ఇళ్లస్థలాలు ఇప్పించే పని మొదలెట్టింది. ఉచితంగా కాదు. సహకార సంఘాలు పెట్టించి, అప్పిచ్చి, వాయిదాల్లో కట్టించుకుంది. తరతరాల చాకిరీ ఎవరి ఖాతాలోనూ జమ పడలేదు.

స్వతంత్రం వచ్చాక కూడా చాలా ఏళ్లు పట్టింది. 1971లో భూమి లేని కూలీలకి ఇళ్లస్థలాల పథకం, 1975లో ఇరవై సూత్రాలు, 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ, 1985-86లో ఇందిరా ఆవాస్ యోజన వచ్చాయి. ఇరవై సూత్రాల రోజుల్లోనే మా నాయనమ్మ పేర పట్టా వచ్చింది. ఆ కాగితం ట్రంకు పెట్టెలో బైబిలు పక్కన ఉండేది. ఆ తర్వాతి కోతలకి మా పేటవాళ్లు కూలి పెంచమని కూర్చున్నారు. పాక పీకమనే మాట ఆ ఏడు ఎవరూ అనలేకపోయారు. పట్టా అంటే గోడలూ కప్పూ అనుకుంటారు. మాకది నోరు.

అయితే ఆ జాగా ఎక్కడిచ్చారు? ఊరికి అవతల, వరిచేలో, పల్లంలో. దాన్ని మెరక చేసుకోడానికి మట్టి తోలించుకునేసరికి చేతిలో డబ్బంతా అయిపోయింది. వానాకాలం మోకాలి లోతు నీళ్లు. ఊరి వెలి పాతదే, సర్వే నంబరు మాత్రం కొత్తది. కాలవ గట్టు మీదున్న మావాళ్లకి అది కూడా రాలేదు. ఆ గట్టు ‘అభ్యంతరకర పోరంబోకు’ అట. ఎన్ని తరాలున్నా పట్టా ఇవ్వరు.

మూడు సెంట్లు, ముగ్గురు కొడుకులు. వాళ్లకి పిల్లలం మేం. అందరం ఎక్కడ పడతాం? అలా మా తరం టౌన్లో అద్దెలకొచ్చింది.

2018 డీఎస్సీలో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. నా జీతం చీటీలో ‘ఇంటి అద్దె భత్యం’ అని ఒక గడి ఉంటుంది. ప్రభుత్వం డబ్బిస్తుంది, ఇల్లు నేను వెతుక్కోవాలి. వెతికాను.

‘టీచరుగారంటే మాకు గౌరవమండీ. ఇంటిపేరేంటండీ?’

చెప్పాను.

‘మీ ఊళ్లో ఎక్కడండీ ఇల్లు?’

‘పేటలోనండీ.’

‘మా తమ్ముడు వాళ్లు వస్తామన్నారండీ. కనుక్కుని ఫోన్ చేస్తాను.’

ఫోన్ రాలేదు. టులెట్ బోర్డు నెల్లాళ్లు వేలాడుతూనే ఉంది. ఇలాంటివి ఆరు గుమ్మాలు ఎక్కి దిగాను.

1917లో బాబాసాహెబ్ అమెరికాలో, లండన్‌లో చదివొచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరారు. ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్శీల సత్రంలో తలదాచుకుంటే కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. ఉద్యోగమిచ్చిన సంస్థానం ఒక గది చూపించలేకపోయింది. వందేళ్లు దాటినా కర్రలు పోయి ‘అండీ’లు వచ్చాయి, అంతే.

చట్టం లేదా? ఉంది. 1955 నాటి అంటరానితనం నేరాల చట్టం, ఇప్పటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం, నాలుగో సెక్షన్. ఏ ప్రాంతంలోనైనా ఇల్లు కట్టుకోడానికి, కొనుక్కోడానికి, ఉండటానికి అంటరానితనం పేరుతో అడ్డుపడితే నేరం. కానీ ఇంటిగలవాళ్లు కులం మాట నోటితో అనరు. ‘ఇచ్చేశామండీ’ అంటారు. ఆ మాటకి సాక్ష్యం ఎక్కణ్ణించి తేవాలి?

నాకు భత్యమైనా ఉంది. మా చెల్లెలు బట్టల కొట్లో చేస్తుంది. దానికి ఆ గడి లేదు. జీతంలో మూడోవంతు ఒక గదికే పోతుంది. పని పోతే గదీ పోతుంది. తాత పాకకీ దాని గదికీ తేడా ఎంత?

2015లో వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన కింద పాలకొల్లులో టిడ్కో ఇళ్లు లేచాయి. 2020 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం టౌన్లలో సెంటు, పల్లెల్లో సెంటున్నర స్థలాలు పంచింది. సెంటంటే 48 గజాలు. ఇవన్నీ సొంతింటి పథకాలే. సొంతిల్లు వచ్చేదాకా కూలిమనిషి అద్దె ఎలా కట్టాలో ఇవి చెప్పవు. కరోనాలో వలస కూలీలు రోడ్లమ్మట నడిచాకే, 2020లో కేంద్రానికి పేదల అద్దె ఇళ్లు గుర్తొచ్చాయి.

జీతగాళ్లకి అద్దె భత్యం న్యాయమైతే కూలికి అన్యాయం ఎలా అవుతుంది? మునిసిపాలిటీయే ఇళ్లు కట్టి, కులం అడక్కుండా, ఊరి నడుమ అద్దెకివ్వాలి. పట్టాలు మెరక మీద ఇవ్వాలి. ఇది దయ కాదు, బాకీ.

విద్యార్థి మిత్రులు ఒక పని చెయ్యండి. మీ పేట పట్టాలు తీసి చూడండి. ఏ ఏడు ఇచ్చారు, ఎవరి పేర, మెరకా పల్లమా, ఊరికెంత దూరం, ఇప్పుడు ఆ జాగాలో ఎంతమంది ఉంటున్నారు. తర్వాత టౌన్లో అద్దె గదులకి వెళ్లి అవే ప్రశ్నలు అడగండి. రాసుకుని, ఆ లెక్క పట్టుకుని తహసీల్దారు ఆఫీసుకి వెళ్దాం. నేనూ వస్తాను.