లేని ఫ్లాపీ యంత్రము తెచ్చిన చిక్కు

సమతల దర్పణములో కనిపించు బొమ్మను భౌతికశాస్త్రములో మిథ్యా ప్రతిబింబమందురు. దానిని తెరపై పట్టుటకు వీలులేదు. అయినను కంటికి అది నిజమైన వస్తువువలెనే తోచును. కంప్యూటరులలో కూడ ఇట్టి మిథ్యాయంత్రములు కలవు. ఒక పెద్ద కంప్యూటరుపై నడచు పర్యవేక్షక ప్రోగ్రాము, అక్కడ పెక్కు చిన్న కంప్యూటరులున్నట్లు భ్రాంతి కల్పించును. వానిని వాడు ప్రతివాడును తనకొక పూర్తి యంత్రమున్నదనియే తలచును.

ఈ భావము నేటిది కాదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రమందలి ఐ.బి.ఎం. కేంబ్రిడ్జి శాస్త్రీయ కేంద్రములో 1964లో రాబర్ట్ క్రీసీ నాయకత్వమున సి.పి.-40 అను వ్యవస్థ నిర్మాణము ఆరంభమైనది. 1967 నాటికది వాడుకలోనికి వచ్చి, ఒకే యంత్రముపై 14 మిథ్యాయంత్రముల వరకు నడపగలిగినది. 1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ అను శాస్త్రజ్ఞులు ఇట్టి వ్యవస్థకు మూడు లక్షణములను నిర్ణయించిరి. మిథ్యాయంత్రము అసలు యంత్రమువలెనే ప్రవర్తించవలెను. వేగము అంతగా తగ్గరాదు. అసలు యంత్రముపై అధికారము ఎల్లప్పుడును పర్యవేక్షకుని చేతిలోనే ఉండవలెను. ఈ మూడవ లక్షణము తప్పినచో కలుగు ప్రమాదమేమో 2015లో ప్రపంచమునకు తెలిసినది.

యంత్రమనగా గణించు భాగము మాత్రమే కాదు. మీటల పలక, తెర, డిస్కు మొదలగు పరికరములు కూడ కావలెను. మిథ్యాయంత్రమునకు ఈ పరికరములును మిథ్యా పరికరములే. 2003లో ఫ్రాన్సు దేశీయుడగు ఫాబ్రీస్ బెల్లార్ వెలువరించిన క్యూఎము అను ప్రోగ్రాము ఇట్టి పరికరములను సాఫ్ట్‌వేరుతో కల్పించుటలో పేరుపొందినది. 2004లో దానికి ఫ్లాపీ డిస్కును నడపు నియంత్రకము చేర్చబడినది.

ఫ్లాపీ నియంత్రకమునకు ఆజ్ఞలు ఒక్కొక్క బైటుగా అందును. మొదటి బైటు ఆజ్ఞ యేదో తెలుపును. తరువాతివి దాని వివరములు. ముందు వచ్చినది ముందు అను క్రమములో అవి వరుసగా చేరును. క్యూఎములో ఈ వరుసకు 512 బైటుల చోటు కేటాయింపబడినది. రాబోవు బైటును ఎచ్చట ఉంచవలెనో ఒక సూచిక చెప్పును. బైటు చేరినప్పుడెల్ల సూచిక ఒకటి పెరుగును. సూచిక ఆజ్ఞకు కావలసిన సంఖ్యకు సమానమైనప్పుడు ఆజ్ఞ అమలుపరుపబడును. పిదప సూచికను మరల సున్నకు తేవలెను.

దాదాపు అన్ని ఆజ్ఞలకును ఈ పని సక్రమముగా జరిగినది. రెండింటి విషయమున మాత్రము వెంటనే జరుగలేదు. అందొకటి డిస్కుపైనున్న గుర్తును చదువుమను ఆజ్ఞ. నిజమైన ఫ్లాపీలో గుర్తు చదువుతల క్రిందికి వచ్చువరకు వేచియుండవలెను. డిస్కు తిరుగుచున్నట్లు నటించుటకై క్యూఎము సెకండులో 50వ వంతు కాలము ఆగి, అటుపిమ్మటనే సమాధానమిచ్చును. ఆ వ్యవధిలో వచ్చు బైటులను త్రోసివేయక వరుసలో చేర్చుకొనుచుండెను. రెండవది డ్రైవు వివరములు తెలుపు ఆజ్ఞ. దీని చివరి బైటులో ఒక ప్రత్యేక చిహ్నము లేనిచో సూచిక సున్నకు రాకుండ నిలిచిపోవును.

నిలిచిన సూచికపై మరియొక బైటు వచ్చిన, అది కావలసిన సంఖ్యను దాటిపోవును. సమానమా యని మాత్రమే పరీక్షించుటవలన, దాటిన పిదప ఆ పరీక్ష ఎన్నడును నెగ్గదు. ఇక బైటులు చేరుచునే యుండును. ఉపాధ్యాయుడు నల్లబల్లను తుడువక, ఇంకను చోటున్నదో లేదో చూడక వ్రాయుచు పోయిన, వ్రాత బల్లదాటి గోడమీదికి పోవును గదా! ఇచ్చట గోడ యనగా పర్యవేక్షకుని సొంత స్మృతి. అందు తనకు నచ్చినది వ్రాయగలవాడు, మిథ్యాయంత్రము నుండి బయటపడి, అదే కంప్యూటరుపై నడచు ఇతరుల యంత్రములను కూడ వశపరచుకొనవచ్చును.

ఈ లోపము 11 సంవత్సరములు ఎవరి కంటను పడలేదు. క్రౌడ్‌స్ట్రైక్ సంస్థకు చెందిన జేసన్ గెఫ్నర్ దానిని కనుగొనగా, 2015 మే 13న లోకమునకు వెల్లడియైనది. దానికి విషము అను అర్థముగల వెనమ్ అను పేరు పెట్టిరి. క్యూఎము నియంత్రకమునే వాడుకొనిన జెన్, కె.వి.ఎం., వర్చువల్‌బాక్సులకు కూడ ఆ లోపము సంక్రమించినది. అప్పటికి ఫ్లాపీని వాడువారే అరుదు. అయినను జెన్, క్యూఎములలో ఫ్లాపీ డ్రైవును తొలగించినను, వేరొక లోపమువలన నియంత్రకము మాత్రము లోపల పనిచేయుచునే యుండెను. ఎవరును వాడని పరికరము గనుకనే ఎవరును పరీక్షింపలేదు కాబోలు!

సవరణ మిక్కిలి చిన్నది. సూచికను 512చే భాగించి, శేషమునే స్థానముగా గైకొనిరి. 511 తరువాతి స్థానము మరల సున్నయే యగును. విద్యార్థులు శేషముల అంకగణితములో నేర్చు సూత్రమే ఇచ్చట కోటగోడ యైనది. సున్నకు తెచ్చుట ఎచ్చటనైన మరచినను వ్రాత హద్దు దాటదు.

తరువాతి కాలమున ఈ విషయమున శ్రద్ధ హెచ్చినది. మిథ్యా పరికరములకై ఏర్పడిన వర్టయో ప్రమాణములో మొదట ఒక వరుసను సున్నకు తేవలెనన్నను పరికరమంతటిని ఆపవలసి వచ్చెడిది. 2022లో వెలువడిన 1.2వ ప్రమాణము ఒక్క వరుసనే విడిగా పూర్వస్థితికి తెచ్చు పద్ధతిని చేర్చినది. ఆ పని పూర్తియైనట్లు పరికరము తెలుపువరకు ఆ వరుసకు చెందిన స్మృతిని విడుదల చేయరాదని నియమము.

ఒక పనిని ముగించుట యనగా ఫలితమును అందించుట మాత్రమే కాదు. తరువాతి పనికి చోటును శుభ్రపరచుట కూడ. ప్రయోగశాలలో పరీక్షనాళికను కడిగి యుంచవలెనని ఉపాధ్యాయులు విద్యార్థులకు చెప్పునదియు ఇదియే.